బిళ్ళ మింగని మనిషి సాక్ష్యం

మా చర్చిలో ఎవరికి పుట్టినరోజు వచ్చినా ఆ ఆదివారం లేచి ముందుకు వెళ్ళి, కానుక కవరు పెట్టి, రెండు మాటలు సాక్ష్యం చెప్పాలి. దేవుడు ఆ ఏడాదంతా తమను ఎలా కాపాడాడో చెప్పడమే సాక్ష్యం. చాలామంది ఏడుస్తారు. కొందరు అల్లుడి ఉద్యోగం, కూతురి కాన్పు, చేలో బోరు పడటం అన్నీ వరసపెట్టి, వెనక బెంచీల్లో పిల్లలు నిద్రపోయేదాకా వదలరు. నేను మాత్రం ఇరవై ఏళ్ళుగా ఒకే సాక్ష్యం చెబుతూ వచ్చాను. ఈ నోట్లోకి ఇంతవరకు ఒక్క బిళ్ళ పోలేదని, తలనొప్పికి కూడా మింగలేదని, దేవుడిచ్చిన ఒంటిని దేవుడే చూసుకుంటున్నాడని. చొక్కా చేతులు పైకి మడిచి మరీ చెప్పేవాణ్ణి. అందరూ ఒక్కసారిగా ఆమెన్ అనేవాళ్ళు. ఆ ఆమెన్ కోసమే సంవత్సరమంతా ఎదురుచూసేవాణ్ణని ఇప్పుడు చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

నా పేరు సుందరరాజు. ఆళ్లగడ్డ హైస్కూల్లో ముప్పై అయిదేళ్ళు వ్యాయామం సారుగా పనిచేసి, మూడేళ్ళ కింద రిటైరయ్యాను. బీడీ తెలియదు, సారా తెలియదు, వక్క కూడా నమలను. పొద్దున అయిదున్నరకల్లా కాలేజీ గ్రౌండులో ఉంటాను. పన్నెండు రౌండ్లు, అందులో నాలుగు పరుగు. నా వయసువాళ్ళు కూడా అక్కడికి వస్తారు, నడకకని. రెండు రౌండ్లు తిరుగుతారు, మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటారు, ఒకరి షుగరు లెక్క ఒకరికి చెప్పుకుంటారు, తర్వాత అందరూ కలిసి గేటు బయట బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ రెండేసి ప్లేట్లు లాగిస్తారు. జేబులోంచి బిళ్ళల డబ్బా తీసి, అదే బండి దగ్గర నీళ్ళడిగి మింగుతారు. వాళ్ళను చూస్తే నాకు జాలి కలిగేది కాదు. ఒళ్ళంటే భయభక్తులు లేని మనుషులని అసహ్యం వేసేది. ఆ మాట వాళ్ళ మొహం మీదే అనేవాణ్ణి, వాళ్ళు నవ్వేవాళ్ళు, నేను ఇంకో రౌండు కొట్టేవాణ్ణి.

నా వెనక రెండడుగుల దూరంలో డేవిడ్ నడిచేవాడు. స్కూల్లో నాకు అటెండరు. వాలీబాల్ నెట్టు కట్టడం, ముగ్గుపిండితో ట్రాకు గీయడం, ఆటల గది తాళాలు చూసుకోవడం అతని పని. నాకంటే ఏడేళ్ళు చిన్న, ఇంకా సర్వీసులోనే ఉన్నాడు. నేను రిటైరైనా అతను నా వెనక నడవడం మానలేదు. నేను వేగం పెంచితే పెంచేవాడు, తగ్గిస్తే తగ్గించేవాడు. చర్చిలో కూడా నా వెనక బెంచీలోనే కూర్చునేవాడు.

పోయిన నవంబరులో మా రిటైర్డ్ టీచర్ల సంఘం వాళ్ళు నంద్యాలలో ఒక స్కానింగ్ సెంటరుతో మాట్లాడి, అరవై దాటినవాళ్ళకు తక్కువ రేటుకు గుండె పరీక్షలన్నీ చేయించే ఏర్పాటు చేశారు. బస్సు నిండా ముసలి టీచర్లు బయలుదేరారు. సిరివెళ్ళ దాటేలోపే ఒకరికి కళ్ళు తిరిగాయి, ఇంకొకరు పరగడుపున ఉండలేక దొంగతనంగా అరటిపండు తిన్నారు. నేను కూడా వెళ్ళాను. ఆరోగ్యం గురించి బెంగతో కాదు. ఆ కాగితం తెచ్చి, లామినేషన్ చేయించి, గ్రౌండు గేటుకు తగిలించాలని. ఇంత తెలివైన కోరికతో నంద్యాలకు వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఈసీజీ బాగుంది. రక్తపోటు, చక్కెర పాతికేళ్ళ కుర్రవాడిలా ఉన్నాయన్నారు. కొలెస్ట్రాల్ కొంచెం అటూ ఇటూ, పెద్దగా పట్టించుకోవలసింది కాదు. నడిచే పట్టా మీద ఎక్కించారు. తోటి టీచర్లు నాలుగు నిమిషాలకే చేతులెత్తేస్తే నేను పన్నెండు నిమిషాలు దాటించాను. దాన్ని నడిపే అమ్మాయి పేరు మెహజబీన్. "సాలు తాతా, దిగు ఇంక. మిషను అలిసిపోతాది" అంది. తాతా అన్నందుకు ఇంకో నిమిషం ఎక్కువ పరిగెత్తాను.

చివర ఒక గుండ్రటి మిషనులో పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి, అయిదు నిమిషాల్లో లేపేశారు. సూది లేదు, మందు లేదు. గుండె రక్తనాళాల్లో కాల్షియం ఎంత పేరుకుందో చూసే స్కాన్ అట. దానికొక అంకె ఇస్తారట. నేను స్కూల్లో ముప్పై అయిదేళ్ళు స్కోరు బోర్డు రాసినవాణ్ణి. అంకె ఎంత పెద్దదైతే అంత గొప్ప అనే లోకంలో బతికినవాణ్ణి. రిపోర్టు చేతికిచ్చినప్పుడు ఏడు వందల ముప్పై ఆరు అని చూసి, పక్కన కూర్చున్న సోషల్ టీచరు కాగితంలోకి తొంగిచూశాను. ఆయనకు పదకొండు. ఉబ్బిన పొట్ట, చేతిలో ఇన్సులిన్ సంచి, పదకొండు. పాపం అనుకున్నాను.

లోపల డాక్టరు చిన్నవాడు. కాగితం చూసి, నన్ను చూసి, మళ్ళీ కాగితం మీద పేరు సరిచూసుకున్నాడు. అప్పుడు చెప్పాడు. సున్నా ఉండాలట. నూరు దాటితే ఆలోచించాలట. నాలుగు వందలు దాటితే ఎక్కువ అంటారట. రక్తనాళం గోడల్లో కొవ్వు పేరుకుని, అది ఏళ్ళ తరబడి గట్టిపడితే సున్నంలా తయారవుతుందట. ఇంత సున్నం కనబడుతోందంటే, పక్కనే గట్టిపడని మెత్తటి కొవ్వు కూడా ఉంటుందని, అది ఎప్పుడైనా పగిలితే ప్రమాదమని చెప్పాడు.

"నేను పదమూడు నిమిషాలు పరిగెత్తాను" అన్నాను.

"చూశాను సార్. చాలా బాగా పరిగెత్తారు. అందుకే ఇప్పుడు రక్తానికి పెద్ద అడ్డేమీ లేదని చెప్పగలుగుతున్నాను. కానీ గోడలు పాడయ్యాయి. పరుగు వేరు, గోడ వేరు. మీ ఇంట్లో గుండెజబ్బు ఎవరికైనా ఉందా?"

"లేదు."

"నాన్నగారు?"

"మా నాయన యాభై మూడేళ్ళకే పోయాడు. ఎండదెబ్బ. శనగ చేను కోతలో ఉండగా పడిపోయాడు."

డాక్టరు రాస్తూ ఆగాడు. "శనగ కోత ఏ నెలలో సార్?"

"జనవరిలో" అన్నాను. నలభై అయిదేళ్ళుగా మా ఇంట్లో ఎండదెబ్బ అనే చెప్పుకుంటున్నాం. సమాధి కార్యక్రమంలో చర్చి అయ్యగారు కూడా అదే చెప్పాడు. జనవరి పొద్దుట పూట, తలకు తుండుగుడ్డ చుట్టుకుని చలికి వణుకుతూ చేలోకి దిగిన మనిషికి ఎండదెబ్బ ఎలా తగులుతుందని మాలో ఒక్కరికీ తోచలేదు. చదువుకున్నవాణ్ణి, నాకూ తోచలేదు. డాక్టరు చీటీ పుస్తకం తీశాడు. రోజూ రాత్రి ఒక కొలెస్ట్రాల్ బిళ్ళ, జీవితాంతం. నడక మానొద్దు, పరుగు కొంచెం తగ్గించండి, మూడు నెలలకు రక్తపరీక్ష అన్నాడు. చీటీ రాసిచ్చాడు. నేను దాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచాను. తిరుగు బస్సులో అందరూ ఎవరికెంత వచ్చిందో చెప్పుకుంటుంటే, నాకు సున్నా అని చెప్పాను.

ఇంట్లో చెప్పక తప్పలేదు. నా భార్య రూతు ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేసి రిటైరైంది. కాగితం చదివి, కళ్ళజోడు తీసి, నన్ను ఎగాదిగా చూసింది. "ఏమయ్యా, మీ నాయనకు గూడా ఇదే అయ్యుంటాది. బిళ్ళ తెచ్చుకున్న్యావా?" అంది. తెచ్చుకోలేదన్నాను. ముందు తిండి మార్చి చూస్తానన్నాను.

ఆ పదిహేను రోజులు నేను చేసిన తెలివితక్కువ పనులు చెప్పుకుంటే నా దగ్గర చదువుకున్న పిల్లలు సిగ్గుపడతారు. కాల్షియం కదా అని పాలు మానేశాను. పెరుగు మానేశాను. రాగుల్లో కాల్షియం ఉంటుందని ఎక్కడో చదివి, చిన్నప్పటి నుంచి తిన్న రాగిసంగటి కూడా మానేశాను. మా వైపు నేలంతా సున్నపురాయే, ఆ బోరునీళ్ళు కాచిన గిన్నెలకు తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చే నా గుండెలో కట్టిందని తీర్మానించి, నీళ్ళ క్యాన్లు తెప్పించాను. రూతు రెండు వారాలు గమ్మునుంది. ఒకరోజు అన్నం పెడుతూ, "నేనూ ఇవే నీళ్ళు నలభై ఏండ్లు తాగినా. నాకు ల్యా. గిన్నె తోమినట్టు గుండె తోముతాండావా ఏంది? డాక్టరు రాసిచ్చింది మింగు" అంది.

మింగాలంటే కొనాలి. ఇంటి పక్క వీధిలోనే ఫయాజ్ మెడికల్ షాపు ఉంది. ఫయాజ్ నా శిష్యుడు, కబడ్డీ జట్టు కెప్టెన్. నన్ను చూస్తే ఇప్పటికీ కుర్చీ దిగుతాడు, నా గురించి షాపుకు వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. మా సార్ ఇంతవరకు నా షాపు మెట్టు ఎక్కలేదు తెలుసా అంటాడు. ఆ మెట్టు ఎక్కడం నావల్ల కాలేదు. నలభై కిలోమీటర్లు బస్సులో నంద్యాల వెళ్ళి, బస్టాండు ఎదుట ఎవరో తెలియని షాపులో, నెలకు సరిపడా బిళ్ళలు కొని, సంచిలో కొత్తిమీర కింద పెట్టి తెచ్చుకున్నాను. ఆ మర్నెల కూడా అంతే. రూతు చూసి, "దొంగసారాయి తాగేవోడు గూడా ఇంత దూరం పోడు" అంది. నిజమే. కానీ ఇరవై ఏళ్ళుగా దేవుడి ముందు చెప్పిన మాట అది. ఆ మాట లేకపోతే నేనెవరినో నాకే తెలియదు.

భయం కూడా వేసింది. దాన్ని దాచుకోవడానికి ఏమీ లేదు. పడుకుంటే చెవి కింద గుండె చప్పుడు వినబడేది. ఎడమ చెయ్యి కొంచెం లాగితే మా నాయన గుర్తొచ్చేవాడు. గ్రౌండులో పరుగు మానేశాను, మోకాలు నొప్పి అని చెప్పాను. ఉగ్గాని బండి దగ్గర కూర్చునేవాళ్ళు, ఏం సార్, మీకూ మొదలైందా అన్నారు. వాళ్ళ గొంతులో సంతోషం నాకు తెలిసింది. నేను ఇరవై ఏళ్ళు వాళ్ళకు వడ్డించిందే వాళ్ళు నాకు తిరిగి వడ్డించారు. డేవిడ్ మాత్రం నేను మెల్లగా నడిస్తే మెల్లగా నడిచాడు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం డేవిడ్ భార్య నిర్మల మా ఇంటికి వచ్చింది. అంగన్‌వాడీలో పనిచేస్తుంది, ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, స్తంభాన్ని ఆనుకుని నిలబడింది.

"సార్, మీరు ఆయనకు ఒక మాట చెప్పల్ల. పొద్దున లేస్తానే తల పగిలిపోతాందంటాడు. మొన్న ముక్కులో నుంచి రక్తమొచ్చింది. రూతమ్మ మిషను పెట్టి చూసి నూట తొంభై అన్నింది."

రూతు వంటింట్లోంచి, "నిర్మల చెప్పొద్దన్నింది, అందుకే నీకు చెప్పలా" అంది నావైపు చూస్తూ.

"ఆసుపత్రికి పోవాలి కదమ్మా. బీపీ బిళ్ళలు వాడొద్దా?" అన్నాను.

నిర్మల తల వంచుకుంది. "ఆరేండ్లు వాడినాడు సార్. రెండేండ్ల కింద బంద్ పెట్టినాడు. మీ పుట్టినరోజు సాక్ష్యం ఇన్నాక. ఇంటికొచ్చి బిళ్ళలన్నీ తీసి కాలవలో ఏసినాడు. మా సార్ ఒక్క బిళ్ళ మింగకుండా అరవై మూడేండ్లు బతికినాడు, నాకు విశ్వాసం తక్కువై మింగుతాండా అన్నాడు. నేను ఎంత ఏడ్సినా ఇనల్యా. మీరు చెప్తే ఇంటాడు సార్. ఇంకెవరి మాటా ఇనడు."

చెబుతానన్నాను. ఆమె దండం పెట్టి వెళ్ళిపోయింది. రూతు వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆమె ఏదైనా అంటే తిరిగి నాలుగు అనేవాణ్ణి.

మర్నాడు గ్రౌండులో, మూడో రౌండులో మొదలుపెట్టాను. వెనక్కి తిరక్కుండానే, "డేవిడ్, బీపీ బిళ్ళలు మళ్ళీ మొదలుపెట్టు" అన్నాను.

వెనక నుంచి నవ్వు వినిపించింది. "నిర్మల వచ్చినాదా సార్ మీ తాకి?"

"ఎవరొస్తే ఏంది? నేను చెప్తాండా. మింగు."

"పరీక్ష చేస్తాండారు సార్ నన్ను" అన్నాడు డేవిడ్. "పేతురు నీళ్ళ మీద నడ్సేటప్పుడు కింద చూసినందుకే గదా మునిగింది. నేను చూడను సార్. మీరు మింగినారా? మీరు మింగితే నేనూ మింగుతా."

ఆ మాటకు జవాబు నా నోట్లోనే ఉంది. ఔను డేవిడ్, మూడు నెలలుగా మింగుతున్నాను. ఇంతే మాట. కుడి పక్క ఉగ్గాని బండివాడు స్టవ్వు వెలిగిస్తున్నాడు, ఎదురుగా ముగ్గురు నడకవాళ్ళు వస్తున్నారు. నేను దగ్గాను, నీరసంగా ఉందన్నాను, ఇంటికి వచ్చేశాను. వ్యాయామం సారు ముప్పై అయిదేళ్ళు పిల్లలకు ధైర్యం నేర్పాడు. హైజంపుకు భయపడితే బెత్తంతో పిక్కల మీద కొట్టాడు. అలాంటి నేను, అటెండరుకు ఒక వాక్యం చెప్పలేక దగ్గాను. ఆ నెల రోజులు ఇంకో మూడుసార్లు చెప్పబోయి మూడుసార్లూ వేరే మాట మాట్లాడాను. అతను అలాగే నా వెనక నడిచాడు, నూట తొంభై బీపీతో.

మార్చి రెండో ఆదివారం నా పుట్టినరోజు. అరవై అయిదు నిండాయి. రూతు తెల్లచొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది. "ఏం చెప్తావ్ ఈ పొద్దు?" అని అడిగింది. చూద్దామన్నాను. "అదే చెప్పేట్టయితే నేను చర్చిలో నుంచి లేసి వచ్చేస్తా. నలుగురిలో అడుగుతారు, ఎందుకొచ్చినానో చెప్తా" అంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె నన్ను బెదిరించడం అదే మొదలు.

పాటలయ్యాయి. అయ్యగారు నా పేరు పిలిచాడు. కవరు పెట్టి మైకు పట్టుకున్నాను. అందరి మొహాల్లోనూ అప్పటికే చిరునవ్వు ఉంది. ఏం చెబుతానో వాళ్ళకు కంఠతా వచ్చు. నేను కూర్చునే బెంచీ వెనక డేవిడ్, కళ్ళు ఎర్రగా, మెడ నరం ఉబ్బి, నావైపే చూస్తున్నాడు. నేను సగం అలవాటుతో చొక్కా చెయ్యి మడవబోయి ఆపేశాను.

"నా గుండె రక్తనాళాల్లో సున్నం పేరుకుంది" అన్నాను. "ఏడు వందల ముప్పై ఆరు అని అంకె వచ్చింది. నాలుగు వందలు దాటితేనే ఎక్కువట. బస్సులో సున్నా అని అబద్ధం చెప్పాను. మా నాయన ఎండదెబ్బకు పోలేదు, గుండెజబ్బుతో పోయాడు. నేను నవంబరు నుంచి రోజూ రాత్రి బిళ్ళ మింగుతున్నాను. మీకెవరికీ తెలియకూడదని నంద్యాల పోయి కొనుక్కొస్తున్నాను. ఇరవై ఏళ్ళు ఇక్కడ నిలబడి నేను చెప్పింది దేవుడి గొప్ప కాదు, నా గొప్ప. నా మాట విని ఎవరైనా మందులు మానేసి ఉంటే, ఈ రోజే మొదలుపెట్టండి."

"ఆమెన్" అన్నారందరూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు వినలేదు. ఇరవై ఏళ్ళుగా నేను మైకు దింపితే ఆమెన్ అనడం అలవాటు, అన్నారు. అయ్యగారు గబగబా వచ్చి, మన సార్ తగ్గింపు మనసుకు దేవునికి స్తోత్రం, ఆ సున్నాన్ని ప్రభువే కరిగించునుగాక అని ప్రార్థన అందుకున్నాడు. రూతు ఒక్కతే కళ్ళు తుడుచుకుంది. నిర్మల చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డేవిడ్ కళ్ళు మూసుకోలేదు. ప్రార్థన అయిపోయేదాకా నన్నే చూస్తూ నిలబడ్డాడు.

బయట వేపచెట్టు కింద టీ ఇస్తుంటే జనం నా చుట్టూ మూగారు. తిడతారేమో అనుకున్నాను, తిడితే బాగుండేది. సింగరాజు అనే కాంట్రాక్టరు, "ఆ బిళ్ళ పేరేంది సార్? మాకూ పనికొస్తాదా?" అని అడిగాడు. ఇంకొకామె కొడుకు చేతికి ఫోనిచ్చి పేరు రాసుకోమంది. మీరు వాడుతున్నారంటే మంచిదే అయ్యుంటుందట. మింగనంటే ఆమెన్ అన్నారు, మింగుతున్నానంటే కొనడానికి సిద్ధమయ్యారు. వాళ్ళను చూసి నవ్వుదామనుకున్నాను, రాలేదు. వీళ్ళను ఇలా తయారుచేసింది నేనే. "నాకు తెలీదు. మీ గుండె గురించి డాక్టరును అడగండి, నన్ను అడగొద్దండి" అని కసిరి, జనాన్ని తోసుకుని డేవిడ్ దగ్గరికి వెళ్ళాను. గోడ పక్కన చాపలు చుడుతున్నాడు.

"ఎప్పట్నుంచి అన్న్యారు సార్?" అని అడిగాడు, చాప మీద నుంచి కళ్ళెత్తకుండా.

"నవంబరు."

వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "గ్రౌండులో నేను మిమ్మల్ని అడిగినది ఫిబ్రవరిలో."

"ఔను."

"మీరు దగ్గినారు" అన్నాడు.

చుట్టిన చాప భుజానికెత్తుకుని వెళ్ళబోయాడు. నేను అడ్డం నిలబడి, రేపు పొద్దున ఎనిమిదికి బస్టాండుకు రమ్మన్నాను, నంద్యాల పోదామన్నాను. వస్తాననలేదు, రాననలేదు.

వచ్చాడు. నిర్మల కూడా తోడు వస్తానంటే వద్దన్నాడట. బస్సులో కిటికీ పక్క సీటు నాకు వదిలి, నా పక్కన కాకుండా వెనక సీట్లో కూర్చున్నాడు. దారి పొడుగునా నేను వెనక్కి తిరిగి ఏదో ఒకటి అడిగాను. స్కూల్లో కొత్త వ్యాయామం సారు ఎట్లా ఉన్నాడని, నెట్టు కొత్తది తెప్పించారా అని. ఔను సార్, లేదు సార్ అన్నాడు. రైతునగరం దాటాక కణతలు నొక్కుకుంటూ కళ్ళు మూసుకున్నాడు. ఇతనికి ఈ బస్సులోనే ఏమైనా అయితే నిర్మలకు నేనేం చెప్పాలని ఒకటే భయం. నా ఏడు వందల ముప్పై ఆరు గురించి నవంబరు నుంచి నేను ఇంత భయపడలేదు.

అదే డాక్టరు. నన్ను గుర్తుపట్టి, మెల్లగా నడుస్తున్నారా అని అడిగాడు. డేవిడ్ చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, మళ్ళీ ఒకసారి కొట్టి చూశాడు. రెండు వందల పది, పైన. కింద నూట ఇరవై అయిదు. మూత్రపిండాలకు, కంటికి, గుండెకు పరీక్షలు రాశాడు. ఒక బిళ్ళ అక్కడికక్కడే ఇచ్చి మింగమన్నాడు. డేవిడ్ దాన్ని అరచేతిలో పెట్టుకుని, ఒకసారి నావైపు చూసి, మింగాడు.

"ఇంతకుముందు బీపీకి మందులు వాడారా?" అన్నాడు డాక్టరు.

"ఆరేండ్లు వాడినా సార్."

"మరి ఎందుకు ఆపేశారు? ఎవరు ఆపమన్నారు?"

కుర్చీలో ముందుకు జరిగాను. ఇక్కడ కూడా దగ్గితే నా బతుక్కి అర్థం లేదనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే డేవిడ్ జవాబు చెప్పాడు.

"ఎవురూ చెప్పల్యా సార్. నాకే మతికి లేకుండా పోయింది."

"నేను ఆపించాను డాక్టర్" అన్నాను. "చర్చిలో మందులు వద్దని గొప్పలు చెప్పాను. అది విని ఆపేశాడు. నేను మొదలుపెట్టాక కూడా నాలుగు నెలలు ఇతనికి చెప్పలేదు."

డాక్టరు రాయడం ఆపాడు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అతనికి కోపం వచ్చిందని తెలిసింది, వయసులో పెద్దవాణ్ణని దిగమింగుకున్నాడు.

"మీరు ఈయనకు ఏమవుతారు?" అన్నాడు నాతో.

బంధువునని చెప్పడానికి లేదు, స్నేహితుణ్ణని చెప్పే యోగ్యత పోగొట్టుకున్నాను.

"మా సారు" అన్నాడు డేవిడ్, చొక్కా చెయ్యి కిందికి దించుకుంటూ.

ఆ రెండు మాటలూ ముప్పై ఏళ్ళుగా చెబుతున్న గొంతుతోనే, అంతే గౌరవంతో చెప్పాడు. చర్చిలో అంతమంది ఎదుట నిబ్బరంగా నిలబడ్డవాణ్ణి, ఆ చిన్న గదిలో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, బల్ల మీది చీటీ తీసుకుని బిళ్ళలు కొనడానికి బయటికి వెళ్ళాను.